వన్‌టౌన్‌ను అలంకరించకండి, నడవనివ్వండి

దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రికి వచ్చే లక్షల మందిలో ఎక్కువమంది విజయవాడను చూడరు. బస్టాండులోనో రైల్వేస్టేషన్లోనో దిగుతారు, క్యూలో నిలబడి అమ్మవారి దర్శనం చేసుకుంటారు, లడ్డూ ప్రసాదం సంచిలో వేసుకుంటారు, ప్రకాశం బ్యారేజీ మీద ఒక ఫొటో దిగి తిరుగుబండి ఎక్కేస్తారు. అదే కొండ నీడలో, నడిచి వెళ్లేంత దూరంలో, ఈ ఊరికి మొదలైన వన్‌టౌన్ ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు. చెప్పాల్సినవాళ్లకే ఆ పేట గుర్తుకొచ్చేది రెండు సందర్భాల్లో: ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు, రోడ్డు వెడల్పు చేయాల్సి వచ్చినప్పుడు. పర్యాటకం అన్న మాట వస్తే భవానీ ద్వీపం, రంగురంగుల దీపాలు, కాలువగట్ల మీద బొమ్మలు తప్ప వేరే ఆలోచన రాదు. ఈ ఊళ్లో చూడదగ్గ చోట్లలో వన్‌టౌన్‌ది మొదటి వరుస అని నా వాదన. అయితే దాన్ని చూడదగ్గదిగా నిలబెడుతున్నది అక్కడి వ్యాపారం, తిండి, నివసించే జనం. అవి బతికి ఉండగా మనిషి తాపీగా నడిచే వీలు కల్పిస్తే చాలు, మిగతా అలంకారాలు ఎంత తక్కువైతే అంత మంచిది.

ఈ మాట అనగానే వచ్చే ప్రశ్న తెలిసిందే: బెజవాడలో చూడటానికి ఏముందండీ? చార్మినార్ లేదు, కోట లేదు, రాజుల మహలు లేదు. ఆ మాటలో నిజముంది. కానీ పాతదనం లేదనడం మాత్రం తప్పు. పదో శతాబ్దంలో చాళుక్య యుద్ధమల్లుడు వేయించిన బెజవాడ శాసనం తెలుగు పద్యశాసనాల్లో తొలినాటి వాటిలో ఒకటి, మధ్యాక్కరల్లో సాగినది. చేబ్రోలు నుంచి జాతరకని వచ్చిన కుమారస్వామి ఈ ఊరు నచ్చి వెనక్కి వెళ్లక ఇక్కడే ఉండిపోతే ఆయనకు గుడి, మఠం కట్టించిన సంగతి అందులో ఉంది. అంటే వచ్చిన అతిథి కదలని ఊరని వెయ్యేళ్ల కిందటే రాతిమీద చెక్కించుకున్న ఊరు ఇది. ఏ పర్యాటక శాఖైనా పెద్దక్షరాల్లో అచ్చేయించుకోవాల్సిన సంగతి. కొండ పాదంలోని అక్కన్న మాదన్న గుహలు అంతకంటే పాతవి. గోల్కొండ తానీషా మంత్రులు అక్కడ కచేరీ చేశారన్న నమ్మకంతో వాళ్ల పేరు నిలిచింది గానీ, ఆ రాయిని తొలిచింది వాళ్లకు దాదాపు వెయ్యేళ్ల ముందు. ఇవన్నీ ఉన్నా, వీటి మీదే ఆధారపడితే వన్‌టౌన్ నిలబడదని ఒప్పుకోవాలి. గుహ చూడటానికి పావుగంట చాలు. మనిషిని పూట మొత్తం తిప్పగలిగేది వేరే ఉంది.

బెజవాడ చరిత్రలో రాజధాని వైభవం కన్నా రవాణా వైభవం ఎక్కువ. 1855 నాటికి కృష్ణపై ఆనకట్ట పూర్తయింది. ఆర్థర్ కాటన్ ఆలోచన, కెప్టెన్ ఓర్ పనితనం. కొండకూ ఊరికీ మధ్య నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పుట్టాయి. అవి పొలాలకు నీళ్లు ఇవ్వడంతో సరిపెట్టలేదు, పడవలనూ మోశాయి. కాకినాడ వైపు నుంచి గోదావరి కాలువల మీదుగా ఏలూరు కాలువలోకి, అక్కడి నుంచి ఆనకట్ట ఎగువ నీళ్లు దాటి సీతానగరం వైపు, కొమ్మమూరు కాలువ పట్టుకుని బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాకా సరుకు పోయేది. ఆ దారి మధ్యలో బెజవాడ రేవు ఉంది. తర్వాత రైలు వచ్చింది. 1889లో నిజాం రైలు హైదరాబాదు వైపు నుంచి బెజవాడ చేరింది, 1893కల్లా నది మీద వంతెన పడింది, 1899లో మద్రాసుతో దారి కలిసింది. 1888లోనే పురపాలక సంఘం ఏర్పడటం యాదృచ్ఛికం కాదు. కాలువలు, పట్టాలు కలిసిన చోట కొనేవాడు, అమ్మేవాడు, మోసేవాడు, వాళ్లకు అన్నం పెట్టేవాడు చేరారు. ఆ చేరిక పేరే వన్‌టౌన్. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీల్చాక గవర్నర్‌పేట, గాంధీనగర్‌లు తూర్పున పెరిగాయి, పడమట వైపు పాత ఊరికి పోలీస్‌స్టేషన్ పేరే చివరికి పేట పేరైంది.

ఆ లెక్కన ఇక్కడ చూడాల్సిన కట్టడాల్లో ముందు చెప్పుకోవాల్సింది మార్కెట్టే. కాలువల తలకు కూతవేటు దూరంలో ఉన్న కాళేశ్వరరావు మార్కెట్‌కు ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు పేరు పెట్టారు. స్వాతంత్ర్యోద్యమ నాయకుడి పేరు కూరగాయల మార్కెట్‌కు ఉండటం కొందరికి చిన్నతనంగా తోచవచ్చు. నాకైతే ఊరు ఇచ్చిన అతి పెద్ద గౌరవం అదే అనిపిస్తుంది, ఎందుకంటే విగ్రహాన్ని ఏడాదికోసారి కడుగుతారు, మార్కెట్ పేరును రోజూ వేలమంది పలుకుతారు. అక్కడి నుంచి లోపలికి వెళ్తే వీధికో సరుకు. వస్త్రలత మార్కెట్‌లో, చుట్టుపక్కల దుకాణాల్లో బట్టల టోకు వ్యాపారం. పల్లెల్లో చిన్న కొట్టు పెట్టుకున్నవాడు ఇవాళ్టికీ పండగ ముందు ఇక్కడికే వస్తాడు. శివాలయం వీధి, బ్రాహ్మణ వీధి, సామారంగం చౌక్, పంజా సెంటర్, ఇస్లాంపేట, వించిపేట అని పేర్లు వరుసగా చెప్పుకుంటూ పోతే ఎవరెవరు ఏ కాలంలో వచ్చి ఎక్కడ స్థిరపడ్డారో సగం తెలిసిపోతుంది. గుడి గంట, మసీదు బాంగు, రాజస్థాన్ నుంచి తరాల కిందట వచ్చిన వ్యాపారుల కుటుంబాల హిందీ కలిసిన తెలుగు, చేతిబండి లాగేవాడి కేక, ఇవన్నీ ఒకే సందులో వినిపించే చోటు కోస్తా జిల్లాల్లో ఎక్కువ లేవు.

తిండి సంగతికి వస్తే నా వాదన ఇంకా గట్టిపడుతుంది. బెజవాడ టిఫిన్ గొప్పదని అందరూ అంటారు, ఎందుకు గొప్పదో చెప్పరు. దాని మూలం వంటవాడి చేతిలో సగం, కాలువ కింది పొలంలో సగం. కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతకు కొద్దిరోజుల ముందు నిలిచిన పైరులోనే మినుములు చల్లుతారు. వరి కోసేసరికి మొలక లేచి ఉంటుంది. మళ్లీ దున్నక్కర్లేదు, నీళ్లు పెట్టక్కర్లేదు, నేలలో మిగిలిన తడితో, రాత్రి మంచుతో పంట చేతికొస్తుంది. ఒకే మాగాణిలో బియ్యమూ మినుములూ పండే ఏర్పాటు ఇది. ఇడ్లీ, దోసె, గారె, సున్నుండ, వీటన్నిటికీ కావాల్సిన రెండు సరుకులు ఒకే గట్టు లోపల దొరికే ప్రాంతంలో టిఫిన్ హోటళ్లు ఇంత విరివిగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. పునుగుల సంగతి మరీ నేర్పుగలది. పులిసిన పిండిని పారేయకుండా నూనెలో వేసి, అల్లం పచ్చడితోనో పల్లీ పచ్చడితోనో వడ్డించి, మిగులునే ఊరి పేరు మోసే రుచిగా మార్చారు. సాయంత్రం బండి దగ్గర పొట్లంలో కట్టిచ్చే పునుగులకు ఖరీదైన ఏ తినుబండారమూ పోటీ రాలేకపోతోంది. దాని పక్కన మైసూరు బజ్జీ, మిరపకాయ బజ్జీ. ఇడ్లీ మీద నెయ్యి, కారప్పొడి పడాలంటే గుంటూరు మిరప రావాలి. పచ్చడికీ పులుసుకీ దుగ్గిరాల పసుపు, వేసవిలో నూజివీడు రసాలు, బందరు నుంచి తొక్కుడు లడ్డు. ఆ లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉలవచారు పుట్టుక ఇంకా చిత్రం. ఎడ్లకు పెట్టడానికి ఉలవలు ఉడికించాక మిగిలిన నీళ్లను పారబోయడానికి మనసొప్పని ఇల్లాలు మరిగించి చిక్కబరిస్తే, ఇవాళ పెళ్లి భోజనంలో మీగడతో కలిపి వడ్డించే వంటకమైంది. ఎడ్లు పోయాయి, చారు మిగిలింది. వన్‌టౌన్‌లో ఒక పూట తిరిగి తింటే డెల్టా మొత్తం పళ్లెంలోకి వచ్చినట్టే. అదే సరుకు బస్తాల్లో దిగడమూ అక్కడే కనిపిస్తుంది. తిండినీ దాని రాకనూ ఒకేచోట చూపగలిగే పేటలు ఎన్ని ఉన్నాయి?

పట్టాలకు తూర్పున కథ మరో రకం, దాన్ని ఇక్కడ తొందరగానే దాటేస్తాను. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం బెజవాడలో పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇక్కడే సమావేశమైంది. పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీకి చూపింది అప్పుడే. బందరు రోడ్డులో 1887లో శంకుస్థాపన జరిగిన విక్టోరియా జూబిలీ భవనం ఇప్పుడు బాపు మ్యూజియం. అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధుణ్ణి చూసేందుకైనా అక్కడికి వెళ్లాలి. గాంధీనగర్‌లో 1940ల నాటి బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీకి దూరప్రాంతాల వాళ్లూ వస్తారు. ఇవన్నీ తమ పేరు తాము నిలబెట్టుకోగలవు. చుట్టూ రోడ్లున్నాయి, బోర్డులున్నాయి. దిక్కులేనిది పడమటి వైపే.

మరి ఏం చేయాలి? ఇతర ఊళ్లు ఏం చేశాయో చూద్దాం. అహ్మదాబాదులో 1997 నవంబరులో నగరపాలక సంస్థ పాత ఊళ్లో ఒక ఉదయపు నడక మొదలుపెట్టింది. కాలూపూర్ స్వామినారాయణ గుడి దగ్గర మొదలై, ఇరుకు సందుల్లోని పోళ్లు అనే పాత నివాస వాడల గుండా జామా మసీదు దగ్గర ముగుస్తుంది. కొత్తగా ఏమీ కట్టలేదు. ఒక దారి గుర్తించారు, చెప్పే మనిషిని పెట్టారు, ఏళ్ల తరబడి ఆపకుండా నడిపారు. ఇరవై ఏళ్లకు, 2017లో, దేశంలో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరమైన మొదటి ఊరు అదే. ఆ నడకే దానికి కారణమని చెప్పను. కానీ తమ సందులు చూడదగ్గవేనన్న నమ్మకం అక్కడి జనానికి కలిగించడంలో దాని పాత్ర చిన్నది కాదు. ఇండోర్‌ది ఇంకో దారి. సరాఫా బజారు పగలు నగల దుకాణాలు, అవి మూశాక వాటి ముందే అర్ధరాత్రి దాకా తిండి అంగళ్లు. వ్యాపారాన్ని తరిమి తిండిని తేలేదు. ఒకే వీధిని రెండు పూటలుగా పంచుకున్నారు. వన్‌టౌన్ టోకు వీధులు సాయంత్రం దుకాణాలు కట్టాక ఖాళీగా పడుంటాయి. ఆ ఖాళీకి ఇండోర్ పద్ధతి సరిగ్గా సరిపోతుంది.

ఇక ఎదురువాదాలు. మొదటిది ఇరుకు. అంత రద్దీలో లారీలు, చేతిబండ్లు, బైకుల మధ్య యాత్రికుణ్ణి నడవమనడం బాధ్యతారాహిత్యం కాదా, ముందు టోకు వ్యాపారాన్ని ఊరి బయటికి పంపండి అంటారు. ఈ వాదనలో సగం సరైనది. బరువు సరుకు, పెద్ద లారీలు ఇరుకు వీధుల్లో ఉండాల్సిన పని లేదు. గొల్లపూడి టోకు వాణిజ్య సముదాయం పుట్టింది అందుకే, చాలా వ్యాపారాలు అక్కడికి వెళ్లాయి కూడా. అగ్నిప్రమాదం జరిగితే బండి దూరలేని సందులో గోదాము ఉండకూడదని ఎవరైనా ఒప్పుకుంటారు. మిగతా సగం మాత్రం తప్పు. గోదాము వేరు, కొట్టు వేరు. కొట్టు వెళ్లిపోతే దాని వెంట గుమాస్తా, కూలీ, దర్జీ, టీ బండి, టిఫిన్ హోటల్ అన్నీ వెళ్తాయి. మిగిలేది తాళం వేసిన తలుపులున్న వీధి. దాన్ని చూడటానికి ఎవరు వస్తారు? సరుకు దింపే వేళలను తెల్లవారుజాముకు పరిమితం చేయడం, కొన్ని వీధుల్లో సాయంత్రం వాహనాలు ఆపడం లాంటివి ఖర్చులేని పనులు. పైగా ఇన్నాళ్లూ కారణంగా చూపిన పెద్ద అడ్డంకి ఒకటి ఇప్పుడు లేదు. 2020 అక్టోబరులో దాదాపు 2.6 కిలోమీటర్ల కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక హైదరాబాదు వైపు వెళ్లే వాహనాలు కొండ కింద ఆగాల్సిన అవసరం తప్పింది. జాతీయ రహదారిని తలపైకి ఎత్తేశాం. కింద దొరికిన నేలను నడిచేవాడికి ఇవ్వడం మాత్రం మరిచాం.

రెండోది ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో నడక ఏమిటని నవ్వేవాళ్లకు నా జవాబు: వెడల్పు చేసిన రోడ్డు మీద ఎండ ఎక్కువా, ఎత్తైన గోడల మధ్య ఇరుకు సందులో ఎక్కువా? పాత ఊరు కట్టినవాళ్లు ఎండను మనకంటే బాగా ఎరుగుదురు. సందు నీడనిస్తుంది, అరుగు కూర్చోనిస్తుంది. బెజవాడ ఎటూ పొద్దున్నే, పొద్దుగూకాకే బయటికొచ్చే ఊరు, టిఫిన్ వేళలూ అవే. మే నెల మధ్యాహ్నం ఎవరినీ నడవమని అడగక్కర్లేదు.

మూడోది శుభ్రత. రోడ్డు పక్క తిండి అంటే నీళ్ల సంగతి, నూనె సంగతి మాట్లాడక తప్పదు, ఆ భయం అబద్ధం కాదు. కానీ దానికి మందు బండ్లు ఎత్తేయడం ఎలా అవుతుంది? బండివాడు మురికిగా ఉండటానికి కారణం చాలాచోట్ల కొళాయి లేకపోవడం, చెత్తబండి సమయానికి రాకపోవడం, రేపు ఇక్కడే ఉంటానో లేదో తెలియక దేనిమీదా డబ్బు పెట్టలేకపోవడం. 2018లో అహ్మదాబాదు కాంకరియా చెరువు దగ్గరి అంగళ్లకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ పరిశుభ్ర వీధి ఆహార కేంద్రంగా గుర్తింపునిచ్చింది. అమ్మేవాళ్లు అక్కడే ఉన్నారు. నీళ్లు, శిక్షణ, తనిఖీ వచ్చాయి. నూనె మళ్లీ మళ్లీ కాచకూడదని చెప్పడానికీ, చెప్పాక చూడటానికీ ఒక మనిషి కావాలి. అదేమీ అసాధ్యమైన కోరిక కాదు.

వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసే అభ్యంతరం నాలుగోది. పేట పేరు మోగితే అద్దెలు పెరుగుతాయి, పాత హోటల్ పోయి పాతదనం నటించే కొత్త హోటల్ వస్తుంది, మేడ మీద ఉండే కుటుంబం శివారుకు పోతుంది. చాలా ఊళ్లలో జరిగింది ఇదే, వన్‌టౌన్‌కు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొండవాలు ఇళ్లలో ఉండేవాళ్లు ఇప్పటికే వానాకాలం కొండచరియల భయంతో బతుకుతున్నారు. వాళ్లకు కావాల్సింది ముందు రక్షణ గోడ, తర్వాతే సందర్శకుడు. అందుకే అలంకరణ వద్దంటున్నాను. ముఖభాగాలకు ఒకే రంగు వేసి, ఫొటో దిగే మూలలు కట్టి, ఫుడ్ స్ట్రీట్ అని స్వాగత ద్వారం పెట్టిన చోట అద్దె ముందు పెరుగుతుంది, జనం తర్వాత వస్తారు. నడకదారి, తాగునీరు, మరుగుదొడ్డి, వీధిదీపం, ముందుగా అక్కడున్నవాళ్లకు ఉపయోగపడతాయి. సందర్శకుడు రాకపోయినా ఆ ఖర్చు వృథా కాదు. రెండు ఖర్చుల్లో ఏది ముందు పెట్టాలో తేల్చడానికి ఇంతకంటే మంచి కొలమానం నాకు తోచలేదు.

అక్కడున్నవాళ్లను నిలబెట్టడానికి చట్టం చేతిలోనే ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం, 50 ఏళ్లకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను వేరేచోటికి తరలించకూడదు. వారసత్వం అనగానే రాతిని, శిల్పాన్ని తలుచుకునే మన అలవాటుకు భిన్నంగా, బుట్టలో ఆకుకూరలు పెట్టుకుని కూర్చున్న మనిషిని వారసత్వమని పార్లమెంటు గుర్తించింది. అదే చట్టం కింద ఏర్పడే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వన్‌టౌన్‌లో 50 ఏళ్లు దాటిన మార్కెట్లు వెతకడానికి పరిశోధకులు అక్కర్లేదు, మార్కెట్ బయట కూర్చునే పెద్దావిడలను అడిగితే చాలు.

తొందర ఎందుకంటే 2028లో మళ్లీ కృష్ణా పుష్కరాలు వస్తాయి. 2016 పుష్కరాల ముందు రోడ్ల విస్తరణ పేరుతో నది ఒడ్డున, దుర్గగుడి పరిసరాల్లో ఎన్నో గుళ్లు తొలగించారు. వాటిలో కొన్నింటిని తిరిగి కట్టడానికి 2021 జనవరిలో శంకుస్థాపన చేయాల్సి వచ్చింది. గుడి కాబట్టి అడిగే గొంతులున్నాయి, మళ్లీ కట్టే ప్రయత్నం జరిగింది. బజ్జీల బండి, పాత కిళ్లీకొట్టు, కూరగాయల అరుగు పోతే వాటికి పునాదిరాయి వేయడానికి ఎవరూ రారు. ఈసారీ ఘాట్లు, రోడ్లు, వంతెనలు ఉంటాయి, ఉండాలి కూడా. కొండ కింది రథం సెంటర్ నుంచి కాళేశ్వరరావు మార్కెట్, అక్కడి నుంచి పంజా సెంటర్, శివాలయం వీధి దాకా ఒక నడకదారి గుర్తించి, దానికి కావాల్సిన పేవ్‌మెంటు, నీళ్లు, నీడ, మరుగుదొడ్లు ఆ అంచనాల్లో చేరిస్తే కోట్ల పనుల మధ్య అది లెక్కలోకి రాని మొత్తం. అంతకంటే ముందు, విస్తరణ గీతలు గీయకమునుపే, నగరపాలక సంస్థ వారసత్వ మార్కెట్ల జాబితా ప్రకటించి ప్రతి మార్కెట్ హద్దులనూ పటం మీద గుర్తిస్తే, రోడ్డు ఎక్కడ ఆగాలో ఇంజినీరుకు కాగితం మీదే తెలుస్తుంది.